మొదటిసారి సింఫనీ కచేరీకి వెళ్తున్నాను, నాకు అర్థమవుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం, సినిమా పాటలు తప్ప వేరేవి వినలేదు. చెన్నైలో జరిగే ఒక సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి ఆఫీసులో రెండు టికెట్లు దొరికాయి. మొదట మొజార్ట్ 'ఫిగారో' ఓవర్చర్, తర్వాత మెండెల్సన్ వయొలిన్ కన్సర్టో, విరామం అయ్యాక బెథోవెన్ అయిదో సింఫనీ. వెళ్తే అర్థమవుతుందా, చప్పట్లు ఎప్పుడు కొట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏం కట్టుకోవాలి, వయొలిన్ నేర్చుకుంటున్న తొమ్మిదేళ్ల పాపను తీసుకెళ్లచ్చా అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. పాపను కూడా తీసుకెళ్లండి. మీకు కృతిలో సంగతులు వినడం వచ్చు కదా, సింఫనీ వినడానికి ముఖ్యంగా కావలసిన అలవాటు అదే. ఒక చిన్న స్వరాల ముక్కను గుర్తు పెట్టుకోవడం, అది వేషం మార్చుకుని మళ్లీ వచ్చినప్పుడు గుర్తుపట్టడం. ఈ ఒక్క పని చేస్తూ కూర్చుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. చప్పట్ల సంగతి, సీట్ల సంగతి కింద రాస్తాను, కానీ ముందు వినడం గురించి.

నేను పాతికేళ్లుగా చెన్నైలో పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. ఔత్సాహికుల ఆర్కెస్ట్రాల్లో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త కిందిది) వాయిస్తాను. మాది నెల్లూరు దగ్గర పల్లె. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల పెరంబూరులో పెరిగాను. ఎనిమిదేళ్లు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్న తర్వాతే ఈ వైపు వచ్చాను. కాబట్టి మీకున్న సందేహం ఒకప్పుడు నాకూ ఉన్నదే.

మొదటి ఇబ్బంది ఎక్కడ వస్తుందో ముందే చెప్తాను. మన కచేరీలో తంబూరా మొదలైన దగ్గర నుంచి మంగళం దాకా షడ్జమం ఒక్కటే. చెవి దాని మీద ఆనుకుని కూర్చుంటుంది. ఆర్కెస్ట్రాలో తంబూరా లేదు. కచేరీ మొదలయ్యే ముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం ఇస్తుంది, అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు, ఆ స్వరం అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత షడ్జమమే చోటు మారుతూ పోతుంది. మనకు గ్రహభేదం తెలుసు, అంటే రాగంలోని వేరే స్వరాన్ని షడ్జమం చేసుకోవడం. పెద్ద విద్వాంసులు ఆలాపనలో ఎప్పుడో ఒకసారి చేసి చూపిస్తే సభంతా తల ఊపుతుంది. సింఫనీలో అది అడుగడుగునా జరిగే పని. కర్ణాటక సంగీతం బాగా విన్న వాళ్లకు మొదటిసారి నేల జారినట్టు ఉండేది ఇందువల్లే. 'ఎక్కడో తప్పిపోయాను' అనిపిస్తే టెన్షన్ పడకండి, మిమ్మల్ని తీసుకెళ్లడమే స్వరకర్త ఉద్దేశం. కాసేపటికి ఇంటికి తెచ్చి దింపుతాడు. ఆ తిరిగి రావడంలో ఉన్న సుఖం కోసమే ఈ ప్రయాణమంతా.

దీనికి మంచి ఉదాహరణ మీ కార్యక్రమంలోనే ఉంది. బెథోవెన్ అయిదో సింఫనీ మొదటి నాలుగు స్వరాలు మీకు తెలియకుండానే ఎక్కడో విని ఉంటారు. మన లెక్కలో పాడుకుంటే 'ప ప ప గా', తర్వాత 'మ మ మ రీ'. గాంధారం ఇక్కడ సాధారణ గాంధారం, అంటే కింది 'గ'. ఎత్తుగడ సమం మీద ఉండదు, ఒక చిన్న విరామం గడిచాక మొదలవుతుంది. మనం కృతుల్లో తాళం పడ్డాక అందుకుంటామే, అలా. నాలుగో స్వరం, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెయ్యి ఎంతసేపు ఆపితే అంతసేపు నిలుస్తుంది. ఈ 'మూడు పొట్టి, ఒక పొడుగు' అనే ముక్కతోనే మొదటి మూవ్‌మెంట్ (సింఫనీలోని నాలుగు భాగాల్లో ఒకటి) దాదాపు అంతా కట్టాడు. కాసేపయ్యాక హార్న్‌లు అనే ఇత్తడి వాద్యాలు అదే లయలో గట్టిగా పిలుస్తాయి, వెంటనే వయొలిన్లు ఒక మెత్తని రాగం అందుకుంటాయి. అక్కడ షడ్జమం పాత సాధారణ గాంధారం మీదికి జరిగింది. నఠభైరవిలో గాంధారాన్ని షడ్జమం చేస్తే శంకరాభరణం వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. సరిగ్గా అదే. ఆ మెత్తని రాగం కింద చెల్లోలు, డబుల్ బేస్‌లు (వయొలిన్ లాంటివే, బాగా పెద్దవి, గొంతు కిందివి) పాత 'మూడు పొట్టి, ఒక పొడుగు'ను నెమ్మదిగా తడుతూనే ఉంటాయి, వినండి.

ఒక జాగ్రత్త. నేను రాగాల పేర్లు వాడుతున్నది మెట్లు గుర్తుపట్టడానికి మాత్రమే. గమకం లేని మెట్లు రాగం కాదు. 'ఇది ఏ రాగం' అని వెతుకుతూ కూర్చుంటే సగం సంగీతం చెవిన పడదు, ఎందుకంటే ఇక్కడ సంగతి ఒకే గొంతులో నడవదు. పైన ఒక పాట, లోపల ఇంకో పాట, అడుగున డబుల్ బేస్ నడక, అన్నీ ఒకేసారి. అవి కలిసి మోగేటప్పుడు పుట్టే రంగే ఈ సంగీతానికి ప్రాణం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటుకి వస్తాను. అయిదో సింఫనీ అనగానే అందరూ మొదటి మూవ్‌మెంట్ గురించే మాట్లాడతారు. మీరు ఇంటి దగ్గర రెండో మూవ్‌మెంట్ వినండి. పది నిమిషాలు ఉంటుంది. ఒక వారంలో మూడుసార్లు చాలు. ఫోన్ స్పీకర్‌లో వద్దు, డబుల్ బేస్ అసలు వినపడదు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఆ మూవ్‌మెంట్ వయోలాలు, చెల్లోలు కలిసి మొదలుపెడతాయి. కింద డబుల్ బేస్‌లు కమాను లేకుండా వేళ్లతో మీటుతూ ఉంటాయి. పాట నిండుగా, తొందర లేకుండా నడుస్తుంది. మధ్యలో ట్రంపెట్లతో ఇంకో పాట వచ్చి పోతుంది. తర్వాత వయోలాలు, చెల్లోలు మళ్లీ మొదటి పాట ఎత్తుకుంటాయి, కానీ ఈసారి ఒక్కో స్వరం ఉన్న చోట పక్క స్వరాలు చేరి పాట ఏరులా సాగుతుంది. ఇంకో చుట్టు తర్వాత మూడోసారి వచ్చినప్పుడు స్వరాలు దానికి రెట్టింపు వేగంతో పరుగెత్తుతాయి. అడుగున పాట మాత్రం అదే, నడక అదే. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. సంగతి మీద సంగతి. మీ చెవికి ఇది కొత్తేమీ కాదు.

మా ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు, అమ్మ తరఫు బంధువు. త్యాగరాజ కృతులు వందల కొద్దీ నోటికి వచ్చు. నేను వయోలా వాయించడం ఆయనకు నచ్చేది కాదు. 'గమకం లేదు, ఉత్త కట్టెలు పేర్చినట్టు ఉంది' అనేవారు. ఒకరోజు ఇంట్లో సాధన చేస్తుంటే ఇదే రెండో మూవ్‌మెంట్‌లో మా భాగం మూడుసార్లు వరసగా వాయించాను, మొదటి పాట, తర్వాతది, ఆ తర్వాతది. పక్క గదిలోంచి లేచి వచ్చి 'సంగతులు వేస్తున్నాడే వీడు' అన్నారు. వీడు అంటే బెథోవెన్. తర్వాత రెండుసార్లు నాతో కచేరీకి వచ్చారు. ఆయనకు మొజార్ట్ నచ్చలేదు, ఆ మాట నిర్మొహమాటంగా చెప్పారు. నచ్చకపోవడం కూడా విన్నవాళ్ల హక్కే. మీకూ మూడింటిలో ఒకటి నచ్చకపోవచ్చు, దాన్ని మీ లోపం అనుకోకండి.

మిగతా రెండింటి గురించి కొంచెం.

మొజార్ట్ ఓవర్చర్ 1786లో వియన్నాలో ఆడిన సంగీత నాటకానికి ముందుమాట. నాలుగు నిమిషాలే. తీగవాద్యాలు, బసూన్లు (గొంతు కిందుగా ఉండే ఊదే వాద్యాలు) గుసగుసలాడినట్టు మొదలై, ఒక్కసారిగా అందరూ అందుకుంటారు. దీన్ని విశ్లేషించక్కర్లేదు. ఈ నాలుగు నిమిషాల్లో మీ చెవికి ఆ హాలు ధ్వని అలవాటవుతుంది, అంతే చూసుకోండి. మన సభల్లో మైకులతో వినీ వినీ, మైకు లేని వాద్యం మొదట మరీ చిన్నగా వినిపిస్తుంది. మొదటి అయిదు నిమిషాలు 'ఇంతేనా' అనిపించడం మామూలే. చెవి సర్దుకున్నాక ఎంత చిన్న ధ్వనిలో ఎంత తేడా ఉంటుందో తెలుస్తుంది.

మెండెల్సన్ కన్సర్టో మీ పాప కోసం. కన్సర్టో అంటే ఒక సోలో వాద్యం, ఎదురుగా ఆర్కెస్ట్రా. పక్కవాద్యాలతో పోల్చుకోవచ్చు గానీ, ఇక్కడ పక్కవాద్యం యాభై మంది. 'నీ కోసం ఒక వయొలిన్ కన్సర్టో రాయాలని ఉంది' అని మెండెల్సన్ 1838లోనే తన స్నేహితుడైన ఒక వయొలిన్ విద్వాంసుడికి ఉత్తరం రాశాడు. ఆ విద్వాంసుడు ఫెర్డినాండ్ డేవిడ్. తీరా పూర్తయి, లైప్‌జిగ్‌లో ఆయనే మొదటిసారి వాయించింది 1845 మార్చిలో. ఆ కాలంలో సోలో వాద్యం రావడానికి ముందు ఆర్కెస్ట్రా చాలాసేపు వాయించడం ఆనవాయితీ. ఇందులో ఆర్కెస్ట్రా ఇలా మొదలవగానే వయొలిన్ అలా అందుకుంటుంది.

ఇందులో రెండు చోట్లు గమనించండి. మొదటి మూవ్‌మెంట్ మధ్య దాటాక ఆర్కెస్ట్రా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే వాయిస్తుంది, దాన్ని కడెంజా అంటారు. మన తని ఆవర్తనంలా అనుకోకండి, ఇది మనోధర్మం కాదు, ప్రతి స్వరం మెండెల్సన్ రాసిపెట్టినదే. చివర్లో కమాను నాలుగు తీగల మీదా ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. అది ఆగకుండానే, దాని కిందుగా, ఆర్కెస్ట్రా మొదటి పాటను నెమ్మదిగా తిరిగి తెస్తుంది. అప్పటిదాకా ముందున్న వయొలిన్ అక్కడ తనే పక్కవాద్యం అయిపోతుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఆ క్షణంలో ఊపిరి ఆగుతుంది.

రెండోది ఇంకా చిన్నది, తెలియకపోతే దాటిపోతుంది. మొదటి మూవ్‌మెంట్ గట్టిగా ముగిసి అందరూ ఆగుతారు, ఒక్క బసూన్ మాత్రం పంచమం పట్టుకుని నిలబడుతుంది. తర్వాత అది అర స్వరం పైకి జరుగుతుంది. ఆ కొత్త స్వరమే రెండో మూవ్‌మెంట్‌కు షడ్జమం. పైన షడ్జమం చోటు మారుతుందని రాశానే, దాన్ని ఒకే ఒక్క వాద్యం, ఒకే ఒక్క అడుగుతో మీ కళ్ల ముందు చేసి చూపించే చోటు ఇది. ఇక్కడ చప్పట్లు పడితే బసూన్ వినపడదు.

చప్పట్ల సంగతికి వద్దాం.

కండక్టర్ రెండు చేతులూ కిందికి దించి మన వైపు తిరిగేదాకా చప్పట్లు వద్దు. ఇదొక్కటి గుర్తుంటే ఎన్ని మూవ్‌మెంట్లు అయ్యాయో లెక్కపెట్టుకోనక్కర్లేదు. మూవ్‌మెంట్ల మధ్య చేతులు గాల్లోనే ఉంటాయి, లేదా భుజాలు బిగువుగా ఉంటాయి. ఇంకా సందేహమైతే నలుగురూ కొట్టాక కొట్టండి.

అయితే ఇదేదో అనాదిగా వస్తున్న శాస్త్రం అని భయపడకండి. మొజార్ట్ 1778లో పారిస్‌లో తన సింఫనీ వాయించినప్పుడు ఒక మూవ్‌మెంట్ మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. 1813లో బెథోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు రెండో మూవ్‌మెంట్ జనం మళ్లీ వాయించమన్నారు, మళ్లీ వాయించారు. మన సభలో 'భళా' అన్నట్టే వాళ్లూ అనేవారు. నిశ్శబ్దం తర్వాత వచ్చిన అలవాటు. కానీ ఆ అలవాటు వల్ల బసూన్ వినపడుతోంది కాబట్టి నేను దాని పక్షమే. మీరు పొరపాటున మధ్యలో కొట్టేస్తే సిగ్గుపడాల్సిన పనిలేదు, వేదిక మీద ఉన్న మాకు నిజానికి బాధ ఉండదు. మమ్మల్ని బాధపెట్టేది ఫోన్. ఒకసారి నెమ్మది మూవ్‌మెంట్ చివర, అందరం ఊపిరి బిగబట్టి వాయిస్తున్నప్పుడు మూడో వరసలో ఫోన్ మోగింది. ఆయన కంగారులో దాన్ని ఆపలేక బయటికి పరుగెత్తారు, తలుపు దాకా అది మోగుతూనే వెళ్లింది. ఆ పాట అక్కడితో పోయింది. సైలెంట్‌లో పెట్టడం కాదు, స్విచ్ ఆఫ్ చేయండి. వీడియో కూడా వద్దు, చీకట్లో ఆ వెలుగు వెనక వరసల వాళ్ల కళ్లలో పడుతుంది.

తాళం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లందరం చేసే పని అది. నాకు పదేళ్లప్పుడు నాన్న ఎగ్మోరులో మ్యూజియం థియేటర్‌కు తీసుకెళ్లారు. ఆయనకు ఈ సంగీతం తెలియదు. రైల్వే కాలనీలో పక్కింటి ఆంగ్లో ఇండియన్ కుటుంబం వాళ్లు ఇచ్చిన టికెట్లు. నేను తొడ మీద ఆదితాళం వేయడం మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న పెద్దావిడ ఏమీ అనకుండా నా చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆ మూవ్‌మెంట్ అయ్యేదాకా అలాగే పట్టుకున్నారు. అప్పుడే మొదటిసారి చెయ్యి కదపకుండా విన్నాను. లెక్క లోపల నడుస్తూనే ఉంది, కానీ దాని పైన ఏం జరుగుతోందో తెలిసింది. మీరు కూడా తాళం బొటనవేలితో బూటు లోపల వేసుకోండి, చప్పుడు రాకుండా.

తాళం వేసే పని అక్కడ కండక్టర్‌ది. కుడి చెయ్యి లెక్క చూపిస్తుంది. నాలుగు లెక్కల తాళమైతే కిందికి, ఎడమకు, కుడికి, పైకి. ఎడమ చెయ్యి 'తగ్గించు, పెంచు, నువ్వు రా' అని చెబుతుంది. ఒక విషయం వింతగా ఉంటుంది: చెయ్యి కిందికి పడిన తర్వాత ఒక క్షణానికి ధ్వని వస్తుంది. అది ఆలస్యం కాదు. కండక్టర్ జరిగిపోయినది కాక జరగబోయేది చూపిస్తాడు.

సీటు విషయంలో మన అలవాటుకు ఎదురు సలహా ఇస్తాను. ముందు వరసలు వద్దు. మన కచేరీలో ముందు వరస అంటే గౌరవం. ఇక్కడ ముందు కూర్చుంటే ఎడమ వైపు ఉన్న మొదటి వయొలిన్లే వినిపిస్తాయి, వెనక ఉన్న ఓబో, బసూన్, హార్న్ వాళ్ల తలలు కూడా కనిపించవు. మధ్య నుంచి కాస్త వెనక్కి, లేదా బాల్కనీ ముందు వరస. పాపతో వెళ్తున్నారు కాబట్టి బాల్కనీ ఇంకా మంచిది, పైనుంచి మొత్తం అమరిక కనిపిస్తుంది. ఎడమ నుంచి మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, వాటి వెనక డబుల్ బేస్‌లు. మధ్యలో ఊదే వాద్యాలు, చివర ట్రంపెట్లు, ట్రాంబోన్లు (గొట్టం ముందుకూ వెనక్కూ జరిపి ఊదే ఇత్తడి వాద్యాలు), టింపనీ (పెద్ద భేరీలు). ఈ వరస కొద్దిగా మారుతూ ఉంటుంది.

బట్టల గురించి ఎక్కువ ఆలోచించకండి. పట్టుచీర, నూలుచీర, ప్యాంటు, చొక్కా, ఏదైనా సరే. సూటు అక్కర్లేదు. చప్పుడు చేసే గాజులు, పాపకు పట్టీలు మాత్రం ఇంట్లో పెట్టండి. ఏసీ గట్టిగా ఉంటుంది, ఒక శాలువా తీసుకెళ్లండి. దగ్గు వస్తుందనుకుంటే బిళ్లల కాగితం ముందే విప్పి ఉంచుకోండి. నెమ్మది పాటలో ప్లాస్టిక్ కాగితం చప్పుడు హాలంతా వినిపిస్తుంది. మన కచేరీలో తని మొదలవగానే లేచి క్యాంటీన్‌కు వెళ్లే అలవాటు ఉంటే అది ఇక్కడ కుదరదు. తలుపులు మూసేస్తారు, ఆలస్యంగా వస్తే ఒక పాట పూర్తయ్యేదాకా బయటే. చెన్నై సాయంత్రం ట్రాఫిక్ తెలుసు కదా, అరగంట ముందే చేరండి. విరామంతో కలిపి రెండు గంటల్లోపే అయిపోతుంది.

వాద్యాలు మధ్యమధ్యలో మళ్లీ శ్రుతి చేస్తుంటే విసుక్కోకండి. బయట చెమ్మగాలి, లోపల ఏసీ. ఈ తేడాకు కట్టె, తీగలు రెండూ మారుతాయి. ఇక్కడి సముద్రగాలిలో వాయించే ఎవరికైనా ఇది రోజూ ఉండే పోరాటం.

కచేరీ ఎవరిది అన్నది మీరు రాయలేదు. విదేశాల నుంచి వచ్చే బృందమైతే ఒక రకం. మన దేశంలో పూర్తి స్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అంటే 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. చెన్నైలో మా లాంటి వాళ్లం పగలు ఉద్యోగాలు, రాత్రి సాధన. ఇక్కడ వయొలిన్ వాళ్లు దొరుకుతారు, ఓబో, బసూన్ వాళ్లను వెతకాలి. ఒక కచేరీలో ఓబో భాగం క్లారినెట్ మీద వాయించాం. కాబట్టి ఇక్కడి బృందమైతే అక్కడక్కడా తప్పులు వినిపించవచ్చు, ముఖ్యంగా హార్న్ దగ్గర. అంత కష్టమైన వాద్యం మరొకటి లేదని మా అందరి అభిప్రాయం. ఒక స్వరం పగిలితే దాన్ని వదిలేసి పాట వెంట వెళ్లండి. అయినా సరే, గొప్ప రికార్డింగ్ కంటే కళ్ల ముందు వాయించే మామూలు బృందం మొదటిసారి వినేవాళ్లకు ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. రికార్డింగ్‌లో పాట ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తోందో కనిపించదు.

'ఇది మనది కాదు' అన్న బెరుకు మీ ప్రశ్నలో కొంచెం కనిపించింది. వయొలిన్ మన చేతికి వచ్చిందే ఈ ఊరి నుంచి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, కుటుంబం ఇక్కడి మణలిలో ఉన్న రోజుల్లో, యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. కోటలో బ్యాండు వాయించే బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు నొట్టుస్వరాలు రాశారు. మీ పాప పాఠాల్లో ఇప్పటికే ఒకటో రెండో వచ్చి ఉంటాయి. ఇక సినిమా పాటల సంగతి సరేసరి. మద్రాసులో తెలుగు పాటలు రికార్డయిన రోజుల్లో వెనక వరసగా కూర్చుని వయొలిన్లు వాయించిన వాళ్లు ఈ పాశ్చాత్య నొటేషన్ చదివి వాయించినవాళ్లే. ఇళయరాజా గారు ఈ సంగీతాన్ని ఇదే ఊళ్లో ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చుకుని, 2025 మార్చిలో లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ వినిపించారు. మీ చెవి దీనికి ఎప్పుడో సిద్ధమైంది.

పాప గురించి చివరగా. తొమ్మిదేళ్లు మంచి వయసు. మరీ చిన్నపిల్లలను కొన్ని చోట్ల రానివ్వరు, టికెట్ మీద చూసుకోండి. నడవా పక్క సీటు తీసుకోండి. నిద్ర వస్తే నిద్రపోనివ్వండి, బలవంతంగా లేపి వినిపిస్తే మళ్లీ రానంటుంది. నేను నా విద్యార్థులకు 'విను' అని చెప్పను, ఒక పని అప్పజెప్తాను. మీ పాపకు రెండు పనులు చెప్పండి.

ఒకటి, వయొలిన్ వాళ్లందరి కమాన్లు ఒకే దిక్కుకు వెళ్తున్నాయా, ఎవరిదైనా ఎదురు వెళ్తోందా చూడమనండి. కమాను పైకా కిందకా అన్నది ముందే నిర్ణయించి నొటేషన్ మీద గుర్తులు పెట్టుకుంటాం. పాప కింద కూర్చుని, పాదం మీద వయొలిన్ తల ఆనించి వాయిస్తుంది, వాళ్లు గడ్డం కింద పెట్టుకుంటారు. తన తీగలు స, ప, స, ప, వాళ్ల నాలుగు తీగలూ నాలుగు వేర్వేరు స్వరాలు. ఇవన్నీ తనే కనిపెట్టాలి.

రెండోది, బెథోవెన్ సింఫనీలో ట్రాంబోన్ వాళ్లు ఎప్పుడు వాయిస్తారో కనిపెట్టమనండి. ముగ్గురు ఉంటారు, వెనక వరసలో. మొదటి మూవ్‌మెంట్‌లో వాయించరు. రెండో దాంట్లో, మూడో దాంట్లో కూడా వాయించరు. ఒళ్లో వాద్యం పెట్టుకుని దాదాపు ఇరవై నిమిషాలకు పైగా కూర్చునే ఉంటారు. మూడో మూవ్‌మెంట్ చివర ధ్వని అంతా తగ్గిపోయి, తీగవాద్యాలు ఒక స్వరం పట్టుకుని, టింపనీ మాత్రం గుండె కొట్టుకున్నట్టు మెల్లగా తడుతుంది. అక్కడ ఆపడం ఉండదు. ఆ తట్టడం నుంచే ధ్వని పెరుగుతూ పెరుగుతూ నాలుగో మూవ్‌మెంట్‌లోకి తెరుచుకుంటుంది, అప్పటిదాకా నడిచిన సాధారణ గాంధారం పోయి పై 'గ', అంటే అంతర గాంధారం వస్తుంది, సరిగ్గా అప్పుడే ఆ ముగ్గురూ లేపి ఊదుతారు. పికొలో (చిన్న ఫ్లూట్), కాంట్రాబసూన్ (పెద్ద బసూన్) కూడా అక్కడే చేరతాయి. 1808 డిసెంబర్ 22న వియన్నాలో దీన్ని మొదటిసారి విన్నవాళ్లు, చలికి వణుకుతూ నాలుగు గంటల కచేరీలో కూర్చున్నవాళ్లు, ఆ సాయంత్రానికి ముందు ట్రాంబోన్ ధ్వనిని సింఫనీలో విని ఉండరు. నా విద్యార్థి ఒకడు ఆ చోట సీట్లోంచి లేచి నిలబడిపోయాడు. వాళ్లమ్మ కూర్చోబెట్టబోతే వద్దన్నాను.

కచేరీ అయ్యాక వెంటనే పార్కింగ్‌కు పరుగెత్తకండి. వాద్యాలు పెట్టెల్లో సర్దుకుంటున్నప్పుడు పాపను వేదిక దగ్గరికి తీసుకెళ్లి, వయోలా వాళ్లను ఒకసారి అడుగు తీగ వాయించి వినిపించమని అడగండి. ఇక్కడి బృందమైతే కాదనేవాళ్లు ఉండరు.